వంటింటి స్విచ్ మీద ఎర్ర ట్యాగు

కంప్యూటర్ల పని నాకు నేర్పినవాళ్లు ఇద్దరు. ఒకరు దీదీ. భిలాయిలో బడులకీ క్లినిక్కులకీ కంప్యూటర్లు చూసిపెట్టే ఓ చిన్న ఆఫీసులో ఆవిడ మా ట్రైనరు. రెండో మనిషి మా నాన్న. స్టీలు ప్లాంటులో ఎలక్ట్రీషియనుగా చేసి రిటైరయ్యాడు. ఆయనకి ఈమెయిలు పంపడం కూడా రాదు. ఆ సంగతి చెప్పి నవ్వే హక్కు నాకూ అమ్మకీ తప్ప ఇంకెవరికీ లేదు.

నేను నేర్చుకోవడానికి చేరింది సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పని. ఆఫీసులో అందరి కంప్యూటర్లకీ పెద్దదిక్కుగా సర్వర్ అని ఒక మెషీన్ ఉంటుంది. దాన్ని నడపడం, ఎవరికి ఏది అందుబాటులో ఉండాలో చూడటం, పాడైతే బాగుచేయడం ఆ పని. అంతా సవ్యంగా నడిచినన్నాళ్లూ అలాంటి మనిషి ఒకరున్నారని ఎవరికీ గుర్తు రాదు. ఆగిపోతే మాత్రం అందరూ ఒక్కసారే మీద పడతారు. చేరిన రోజు సాయంత్రం ఇదంతా చెబితే, టీ చల్లారిపోయేదాకా విని, "అయితే మాలాటి పనేనే" అన్నాడు నాన్న. "లైటు ఎలుగుతున్నంతసేపు ఎలక్ట్రీషియనున్నాడని ఎవుడికి గుర్తుంటాది?"

దీదీ పుస్తకం పట్టుకుని పాఠం చెప్పే రకం కాదు. మేం వచ్చేలోగా ప్రాక్టీసు మెషీన్ని చెడగొట్టి, ఏమీ ఎరగనట్టు కూర్చునేది. ఒకరోజు కేబుల్ పీకేది, ఒకరోజు డిస్కంతా చెత్తతో నింపేది, ఇంకో రోజు మా అందరి అకౌంట్లూ లాక్ చేసేది. "క్లినిక్ తెరిచారు, పేషెంట్లు లైన్లో నిలబడ్డారు, చలో, చెయ్యండి" అనేది. ఎవరైనా ఫోన్లో జవాబు వెతికితే ఆ ఫోను లాక్కుని సొరుగులో పడేసేది. తెరమీద చూస్తే రాదు, చేత్తో విప్పితేనే వస్తుందని ఆవిడ పట్టు. నాకు ఆవిడంటే భయం. భయంకంటే ఇష్టం ఎక్కువ.

రోజూ నేర్చుకున్నది సాయంత్రం నాన్నకి అప్పజెప్పాలి. అదొక శిక్ష. నెట్‌వర్క్ తీగకి క్లిప్పు బిగించడం నేర్పిన రోజు నా కిట్టు లాక్కుని తనూ కూర్చున్నాడు. ప్లాంటులో చేతి మందం కేబుళ్లతో పనిచేసిన వేళ్లకి ఆ సన్న తీగలు దొరకలేదు. రెండుసార్లు బిగించినా టెస్టరు మీద దీపం వెలగలేదు.

"ఇంత సన్నంవాట్లోంచి ఏటి ఎల్తాదే?" అన్నాడు విసుక్కుంటూ.

"మాటలు వెళతాయి నాన్నా."

"మాటలకి ఎనిమిది తీగలేటి? మీ అమ్మకి ఒకటీ అక్కర్నేదు."

"ఇనపడతంది" అంది అమ్మ వంటింట్లోంచి.

ట్యాగు సంగతి ఇలాంటి ఒక సాయంత్రమే వచ్చింది. ఆ రోజు నేను ప్రాక్టీసు సర్వర్ మీద ఏదో చేస్తుంటే, నాతో పాటు నేర్చుకునే అబ్బాయి అది ఖాళీగా ఉందనుకుని ఆపేశాడు. నా పనంతా పోయింది. వాణ్ణి తిట్టిన తిట్లు ఇంటికొచ్చి మళ్లీ తిడుతున్నాను. నాన్న నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు.

"నువ్వు ట్యాగ్ పెట్టనేదేటి?" అన్నాడు.

ప్లాంటులో ఒక పద్ధతి ఉంది. ఏదైనా లైను బాగుచేయడానికి వెళ్లే మనిషి ముందు దాని స్విచ్ ఆపి, దానికి తన పేరూ టోకెన్ నంబరూ రాసిన ఎర్ర ట్యాగు తీగతో కట్టి వెళతాడు. ఆ ట్యాగు ఉందంటే మనిషి లైనులో ఉన్నాడని అర్థం. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా దాన్ని ముట్టుకోడు. పెట్టినవాడే వచ్చి తీయాలి. మేం సెక్టర్ 6 క్వార్టర్లో ఉండేటప్పుడు ఒకసారి నాన్న ట్యాగు తీయడం మరిచిపోయి, డ్యూటీ దిగి మమ్మల్ని తీసుకుని ఒక పెళ్లికి వెళ్లాడు. సరిగ్గా పప్పు వడ్డించే వేళకి ప్లాంటు జీపు వచ్చింది. విస్తరి ముందు నుంచి లేపి తీసుకెళ్లారు. అక్కడ ఆయన ట్యాగు తీసేదాకా ఓ మెషీనంతా ఆగిపోయి ఉందట. ఆ పెళ్లిలో అమ్మ పరువు పోయిందని మా ఇంట్లో ఏళ్ల తరబడి గొడవ. అమ్మకి పెళ్లికూతురి మొహం గుర్తులేదు గాని ఆ జీపు రంగు ఇప్పటికీ చెబుతుంది.

ఆ పద్ధతి నాన్న ఇంటికీ తెచ్చాడు. ఫ్యాను విప్పినా, గీజరు విప్పినా, ముందు బోర్డు మీద ఆ లైను స్విచ్ కిందికి దించి తన పాత ట్యాగు కట్టేవాడు. చిన్నప్పుడు నాకు నిప్పు ముట్టుకోకూడదని తెలిసినప్పుడే ఆ ట్యాగు ముట్టుకోకూడదనీ తెలుసు. మర్నాడు నేనూ అట్ట ముక్క మీద ఎర్రసిరాతో నా పేరు రాసి ప్రాక్టీసు సర్వర్‌కి కట్టాను. అబ్బాయిలు లైన్‌మన్ వచ్చిందని ఏడిపించారు. దీదీ మాత్రం దాన్ని చదివి, "ఉండనీ" అని ఊరుకుంది.

కొన్నాళ్లకి ఒక క్లినిక్ వాళ్లు పాత సర్వర్ పారేస్తుంటే దీదీ నాకిచ్చింది. ఇంటికి పట్టుకెళ్లి దాన్ని చెడగొట్టి బాగుచేసుకోమంది. ఆటోలో తెచ్చి వైశాలి నగర్‌లోని మా ఇంట్లో వెనక గదిలో పెట్టాను. ఆన్ చేస్తే పిండిమరలా మోత. నాన్న దాని చుట్టూ తిరిగి చూసి, సాకెట్టు చూసి పెదవి విరిచాడు. వంటింటికీ వెనక గదికీ లైను ఒకటే. ఆ పాత వైరు దీని బరువు మోయదని, ఎర్తింగు కూడా సరిగా లేదని, కొత్త వైరు లాగి వేరే సాకెట్టు పెడతానని అన్నాడు. నేను తొందర పెట్టలేదు. ఆయనకే తొందర. రిటైరయ్యాక ఆయన చేతికి దొరికిన అసలైన పని అదే.

ఆ రోజు పొద్దున్నే మొదలుపెట్టాడు. వంటింటి లైను స్విచ్ దించి ట్యాగు కట్టాడు. నేను స్కూటీ తీస్తుంటే వెనక గదిలోంచి బీరువా జరుపుతున్న చప్పుడు వినిపించింది. అమ్మ వంట సంగతి అడిగింది. "సాయంత్రం వంటకి కరెంటిచ్చేత్తాను" అన్నాడు.

తెచ్చిన వైరు చాలలేదట. ఇంకొంచెం కొనడానికి సుపేలా బజారుకి వెళ్లాడు. దుకాణం ముందు స్టూలు మీద కూర్చుని మంచినీళ్లు అడిగాడట. నీళ్లు తెచ్చేలోపు పక్కకి ఒరిగిపోయాడు. నాకు ఫోను వచ్చేసరికి నేను దీదీ ముందు ఒక డిస్కు మారుస్తున్నాను. హాస్పిటల్‌కి వెళ్లేసరికి అయిపోయింది. గుండె అన్నారు. నాన్న చొక్కా జేబులో స్క్రూడ్రైవరు అలాగే ఉంది. దాన్ని నా చేతిలో పెట్టారు. నేను ఏడవలేదు. ఇది ఇంటికి తీసుకెళ్లి ఇవ్వాలి, ఆయన వెతుక్కుంటాడు అనుకున్నాను.

కర్మ జరిగినన్ని రోజులూ వంటలు టెంటు కింద బయటే జరిగాయి. వంటింట్లో కరెంటు లేదన్న సంగతి ఎవరికీ పట్టలేదు. చుట్టాలంతా రైలెక్కి వెళ్లిపోయిన సాయంత్రం అమ్మ వంటింట్లోకి వెళ్లి లైటు స్విచ్ నొక్కింది. వెలగలేదు. నేను వరండాలోకి వెళ్లి బోర్డు మీద చెయ్యి పెట్టబోయాను.

"ముట్టుకోకు" అంది అమ్మ. "మీ నాన్న పెట్టేరు."

"అమ్మా, నాన్న..."

"తెలుసు నాకు. పెట్టినోరే తియ్యాల. పెళ్లిలోంచి లేపి తీసుకెల్నారు గాని ఇంకోడు తీసేడేటి?"

ఆ రోజుకి ఊరుకున్నాను. రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుందనుకున్నాను. వారాలు గడిచాయి, వానలు పట్టుకున్నాయి. అమ్మ మిక్సీని ముందు గదిలోకి తెచ్చి టీవీ పక్కన పెట్టుకుంది. కిటికీలో వెలుగు ఉండగానే రెండు పూటల వంటా ముగించేది. మబ్బు పట్టిన రోజు బియ్యం చేటలో పోసి వరండాలోకి తెచ్చుకునేది. వెనక గది తలుపు మూసిన తలుపే. సర్వర్ మీద దుమ్ము పడుతోంది. నా ప్రాక్టికల్ పరీక్ష దగ్గరకొస్తోంది. అయినా నాకు అసలు బాధ అది కాదు. రోజుకి రెండుసార్లు అమ్మ చీకట్లో గిన్నెలు తడుముకునే చప్పుడు వినాలి. ఒకసారి కాలనీలో ఎలక్ట్రీషియన్ని పిలుచుకొచ్చాను. అమ్మ బోర్డుకి అడ్డంగా నిలబడి, అతనికి టీ ఇచ్చి, పంపేసింది. నాకు ఒళ్లు మండిపోయింది. నోటికొచ్చినట్టు అరిచాను. ఆవిడ నా కంచంలో ఇంకో గరిటె అన్నం వడ్డించింది.

అమ్మనే అని ఏం లాభం. ఒక మధ్యాహ్నం ఆవిడ ఇంట్లో లేనప్పుడు నేను బోర్డు ముందుకి వెళ్లాను. తీగ మెలిక విప్పితే చాలు, ఊడి చేతిలో పడుతుంది. వంకర అక్షరాలతో ఆయన పేరు, దాని కింద టోకెన్ నంబరు. ఆ ట్యాగు ఉన్నంతసేపూ ఆయన లైనులో ఉన్నట్టే, పనిలో ఉన్నట్టే. తీసేస్తే లేడని నా చేత్తో నేను చెప్పినట్టు. తీయకపోతే అమ్మ బతికినంతకాలం చీకట్లోనే వండుతుంది. అక్కడే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చేశాను.

దీదీ ఆ వారమే సర్వర్ ఆపే పద్ధతి నేర్పింది. ముందు దాని మీద ఎవరెవరు పనిచేస్తున్నారో చూడాలి. వాళ్లకి మెసేజ్ పంపాలి. జవాబు రాకపోతే ఫోను చేయాలి. ఫోను తీయకపోతే లేచి వాళ్ల కుర్చీ దగ్గరకి వెళ్లి కళ్లతో చూడాలి. నేను కమాండ్లన్నీ సరిగ్గానే కొట్టాను. కొట్టాక అడిగాను, అక్కడికి వెళితే ఆ మనిషి ఇంక లేకపోతే ఏం చేయాలని.

మిగతావాళ్లు నవ్వబోయి నా మొహం చూసి ఆగారు. దీదీ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది. "అప్పుడు వాళ్ల పనేమిటో తెలిసినవాళ్లని పిలవాలి బేటా" అంది హిందీలో. "ఒక్కదానివే చెయ్యకు." ఆవిడ అంత నెమ్మదిగా మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

అయినా పిలవలేదు. అమ్మ చెయ్యి కాలేదాకా పిలవలేదు. మబ్బు పట్టిన ఓ సాయంత్రం గంజి వార్చబోయి మణికట్టు మీద ఒంపుకుంది. మందు రాస్తుంటే, "సీకట్లో కనపణ్నేదు" అంది, అదేదో తన తప్పయినట్టు. మర్నాడు ఊళ్లోనే మరోదా వైపు ఉండే బాబాయికి ఫోను చేశాను. రక్తసంబంధం లేదు. ప్లాంటులో నాన్నతో ఒకే సెక్షన్లో పనిచేసి రిటైరైన మనిషి, మాకు బాబాయే.

ఆదివారం స్కూటరు మీద వచ్చాడు. చెప్పులు విప్పి, లోపలికి రాకుండా బోర్డు ముందే నిలబడి ట్యాగు చాలాసేపు చూశాడు. నేను జరిగినదంతా చెప్పాను. అమ్మకి బుద్ధి చెబుతాడనుకున్నాను.

"వదిన సెప్పిందే రైటు" అన్నాడు. "అయితే దీనికీ ఒక పద్ధతుందమ్మీ. పెట్టినోడు రానేనప్పుడు ఎలా తియ్యాలో, దానికీ రూలుంది. మా సెక్షన్లో ఒకాయన ట్యాగ్ పెట్టి టిఫినుకెల్లి, మరి ఒచ్చేడు కాదు. గుండెపోటు. ఆ ట్యాగ్ మీ నాన్నా నానూ తీసినాం." అమ్మ వైపు తిరిగాడు. "మా అన్న మీకు సెప్పనేదేటి?"

అమ్మ తలుపు చెక్క పట్టుకుని నిలబడి ఉంది. "ఒక రోజు ఒచ్చి అన్నం తిన్నేదు" అంది. "ఒంట్లో బాగునేదన్నారు."

బాబాయి పద్ధతి చెప్పాడు. ముందు మన ట్యాగు పెట్టాలి. లైను ఈ చివర నుంచి ఆ చివరదాకా కళ్లతో చూడాలి. ఆయన సగంలో వదిలింది పూర్తి చేయాలి. ఆ తర్వాతే పాత ట్యాగు విప్పాలి. ఆయన తన ట్యాగు జేబులోంచి తీసి కట్టాడు. నా అట్టముక్క నేనూ కట్టాను. అమ్మ ఆపలేదు. వంటింట్లోకి వెళ్లిపోయింది.

వెనక గది తెరిచాం. బీరువా గోడ నుంచి కొంచెం ముందుకి జరిపి ఉంది, నేను ఆ పొద్దున విన్న చప్పుడు అదే. బాబాయి దాని వెనక టార్చి వేసి, నన్ను చూడమన్నాడు. గోడలో జాయింటు విప్పి ఉంది. తొక్క ఒలిచిన రెండు తీగలు బయటికి వచ్చి ఉన్నాయి, వాటిలో కరెంటు వచ్చే తీగ రాగి కొన ఇనప బీరువా వీపుకి ఆని ఉంది. అమ్మ చీరలుండే బీరువా అది. నేను ఆ సాయంత్రం స్విచ్ ఎత్తి ఉంటే, ఆవిడ బీరువా తలుపు మీద చెయ్యి వేసి ఉంటే, ఆ పైన ఆలోచించలేకపోయాను.

"టేపు సుట్టకుండా ఎల్లిపోనాడేటి అనుకోకు" అన్నాడు బాబాయి. "ట్యాగ్ పెట్టేడు కదా. ఈ ఇంట్లో ఎవులూ దాన్ని ముట్టుకోరని ఆడికి తెలుసు. మిమ్మల్ని నమ్మి ఎల్నాడు."

ఆయన లేడన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది. హాస్పిటల్లో కాదు, శ్మశానంలో కాదు. ఆ తీగలు ఆయన ఎలా వదిలాడో అలాగే ఉన్నాయి. వెంటనే వచ్చేస్తానని వెళ్లిన మనిషి మాత్రమే అలా వదిలి వెళతాడు.

తనకి చూపు ఆనదని చెప్పి బాబాయి టార్చి పట్టుకున్నాడు. పని నేను చేశాను. జాయింటు కలిపి టేపు చుట్టాను, కొత్త సాకెట్టు బిగించాను, ఎర్తు తీగ లాగాను. అడుగు అడుగునా ఆయన చెబుతూ వచ్చాడు, నా వేళ్లు తడబడితే ఆగాడు. కన్నీళ్లు అడ్డం పడి స్క్రూ గాడి దొరక్కపోతే, తుడుచుకుని మళ్లీ పెట్టమన్నాడు. అంతా అయ్యాక ప్రతి బిగింపూ వేలితో లాగి చూసి బాగుందన్నాడు.

వరండాలోకి వచ్చి ఆయన తన ట్యాగు విప్పుకున్నాడు, నాది నేను విప్పాను. నాన్నది మిగిలింది. తీగ తుప్పు పట్టి గట్టిగా మెలిపడి ఉంది. విప్పి, ట్యాగు గుప్పిట్లో పట్టుకున్నాను. స్విచ్ ఎత్తబోతే బాబాయి ఆపాడు.

"కరెంటిచ్చేముందు కేకెయ్యాల. లైన్లో ఎవుడన్నా ఉంటే పలుకుతాడు. ఎవులూ లేరని లోపల్నించి జవాబు ఒచ్చేదాకా ఇయ్యకూడదు" అని చెప్పి, తను వెనక గది గుమ్మం దగ్గరకి వెళ్లి నిలబడ్డాడు.

లైన్లో ఎవరు అని అరవాలనే నోరు తెరిచాను. "నాన్నా" అని వచ్చింది.

మళ్లీ పిలిచాను. జవాబు చెప్పాల్సిన బాబాయి కండువా నోటికి అడ్డం పెట్టుకుని గోడవైపు తిరిగిపోయాడు. నా చెయ్యి స్విచ్ మీదే ఉంది. జవాబు రాకుండా ఎత్తకూడదు. వంటింటి చీకట్లోంచి అమ్మ గొంతు వినిపించింది.

"లైన్లో ఎవులూ లేరు. ఇచ్చీయమ్మీ."

నేను స్విచ్ ఎత్తాను.